మా మేడమ్ నమ్మని సున్నా

మా మేడమ్ గారు పోయారని మంగళవారం పొద్దున ఫోన్ వచ్చింది. బ్రాడీపేటలో మాదొక చిన్న ల్యాబు. పొలాల పక్కన బావుల్లో, చెరువుల్లో పురుగుమందు కలిసిందేమో పరీక్ష చేస్తాం. ఆమె అక్కడ పెద్ద కెమిస్టు, నేను లెక్కలు రాసేవాణ్ణి. బడి మధ్యలోనే మానేసినవాణ్ణి, నలుగురిలో మాట్లాడటం నాకు చేతకాదు. అయినా ఇది రాయకుండా ఉండలేకపోతున్నాను. నన్ను ఆమెంతగా విసిగించిన మనిషి మరొకరు లేరు.

విసుగంతా సీసాలతోనే. నీళ్ళు గాజు సీసాలోనే తేవాలి. పట్టేముందు సీసాను ఆ నీళ్ళతో తొలవకూడదు. తొలిస్తే ఆ తొలిచిన నీళ్ళలోని మందు కూడా సీసా గోడకి పట్టి లెక్క ఎక్కువ చూపిస్తుందట. ప్లాస్టిక్‌లో తెస్తే మందు ప్లాస్టిక్‌కే అంటుకుపోయి లెక్క తక్కువ చూపిస్తుందట. ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళేమో కూల్‌డ్రింక్ బాటిల్ శుభ్రంగా తొలిచి మరీ తెచ్చేవాళ్ళు. ఆమె వాళ్ళను గుమ్మంలోనే వెనక్కి తిప్పేవారు. వాళ్ళు నా బల్ల దగ్గరికొచ్చి తిట్టిపోసేవాళ్ళు.

పోయిన వేసవిలో పర్చూరు అవతల ఒక ఊళ్ళో మంచినీళ్ళ చెరువు ఎండిపోయింది. మిరప చేల మధ్య ఉన్న పాత బావి నీళ్ళు తాగొచ్చో లేదో తేల్చాలి. మేమిచ్చిన గాజు సీసాతో ఆ ఊరి పెద్దాయన వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"బస్సులో సీసా పగులుద్దని నీళ్ళు వాటర్ బాటిల్లో పోసుకొచ్చానమ్మా. ఇదిగో, మీ మెట్ల కాడే మళ్ళీ సీసాలోకి మార్చా. ఒక్క చుక్క కింద పడలా!"

మేడమ్ తల పట్టుకున్నారు. "చుక్క పడకపోతే ఏం లాభమయ్యా? మందంతా ఆ బాటిల్‌కి అంటుకుని ఉంటుంది."

"నీళ్ళన్నీ ఇక్కడే ఉన్నాయిగా?"

"నీళ్ళున్నాయి. మందు లేదు."

"లేకపోతే మంచిదేగా! అదే రాసియ్యండి."

నాకూ అదే సబబనిపించింది. ఆయన ఊరుకోక పరీక్ష చేయిస్తే సున్నా వచ్చింది కూడా. రాసిచ్చేద్దాం మేడమ్ అన్నాను. ఆమె నా వైపు తిరిగారు.

"మీ ఇంట్లో ఆవకాయ కలిపాక బేసిన్ ఏం చేస్తారు?"

"అన్నం వేసి కలుపుకుంటాం."

"ఎందుకు? ఆవకాయంతా జాడీలోకి తీశారుగా?"

"నూనె, కారం గిన్నెకి పట్టి ఉంటాయి కదండీ."

"మరి?" అని లోపలికి వెళ్ళిపోయారు. సున్నా వస్తే సంబరపడకూడదని, మందు ఎక్కడ పోయిందో వెతకాలని ఆమె తరచూ అనేవారు. ఆ రోజు విడిగా అననక్కర్లేకపోయింది.

మర్నాడు ఆమే బస్సెక్కి ఆ ఊరు వెళ్ళారు. గాజు సీసాలను తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. నీళ్ళన్నీ పరీక్షకు పోసి, ఖాళీ సీసాను మందు కరిగే ద్రావకంతో కడిగి, ఆ కడిగిన ద్రావకాన్నీ అందులోనే కలిపారు. ఈసారి మందు కనబడింది. తాగే నీళ్ళలో ఉండకూడనంత ఉంది.

ఆ బావి నీళ్ళు తాగొద్దని రాసిచ్చారు. ఊరు భగ్గుమంది. ట్యాంకరు వచ్చిన రోజే నీళ్ళు, రాని రోజు లేవు. ఫోన్లన్నీ నాకే. "మీ మేడమ్‌కి మా దాహం పట్టదా?" అని ఒకాయన అరిస్తే, ఆమె ఫోన్ నా చేతిలోంచి తీసుకున్నారు. "పట్టింది కాబట్టే వద్దంటున్నానండీ" అని పెట్టేశారు. నాకు ఒళ్ళు మండింది. కాస్త మెత్తగా చెప్పొచ్చు కదా!

ఆమె చనిపోయిన వారానికి ఆ బావి నీళ్ళు మళ్ళీ పరీక్ష చేయాల్సి వచ్చింది. గాజు సీసాలిచ్చి, నీళ్ళు పట్టుకు రమ్మని ల్యాబు వాళ్ళు నన్నే పంపారు. నేను వెళ్ళేసరికి ట్యాంకరు చుట్టూ ఆడవాళ్ళు బిందెలతో తోసుకుంటున్నారు. పైపు పట్టుకున్నామె నా చేతిలో సీసాలు చూసి గొంతెత్తింది.

"వచ్చాడమ్మా సీసాలాయన! ఈసారన్నా తాగొచ్చని చెప్పమను మీ మేడమ్‌ని. ఎవరెవరో వచ్చి ఏం కాదు తాగండన్నారు. ఆవిడ చెబితేగానీ తాగం, మా ఖర్మ!"

"ఆమె లేరమ్మా. మొన్న మంగళవారం పోయారు."

తోపులాట ఆగిపోయింది. పైపు కింద బిందె నిండి పొర్లుతోంది. నీళ్ళు వాళ్ళ కాళ్ళ మీదుగా దుమ్ములోకి పారుతున్నాయి. ఎవరూ పైపు జరపలేదు.