రైలు కట్టకు ఇవతల

నెల్లూరు స్టేషనుకు పడమటి వైపు, రైలు కట్టను ఆనుకుని మా ఇల్లుండేది. నాయన బట్టలు కుట్టేవాడు. చిన్నప్పుడే ఒక కాలు చచ్చుబడి, చేతికర్ర సాయంతో నడిచేవాడు. బజారూ ఆస్పత్రీ టికెట్లిచ్చే చోటూ అన్నీ కట్టకు అవతలే. అటు పోవాలంటే కట్ట కింద ఉన్న వంతెనలోంచి పోవాలి. పెద్ద వాన పడితే అది నిండిపోయేది.

అరవైల్లో ఒక నవంబరులో అక్కకు మద్రాసు ఆస్పత్రిలో నర్సు ట్రైనింగుకు సీటొచ్చింది. మర్నాడు పొద్దున పదింటికల్లా చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామని ఉత్తరంలో రాశారు. మా వీధి నుంచి అంత దూరం చదువుకు పోతున్న మొదటి ఆడపిల్ల మా అక్కే.

రెండు రోజులుగా ముసురు. మధ్యాహ్నం బండికి నాయనా అక్కా నేనూ చాలా ముందే బయల్దేరాం. వంతెన కింద నీళ్లు నా మెడ దాకా వచ్చేటట్టున్నాయి.

"ఇంక పోదన్నా," అని రిక్షా అతను దించేశాడు.

నాయనను చెరో రెక్కా పట్టుకుని బురదలో కట్ట ఎక్కించాం. పైన గూడ్సు బండి అడ్డంగా నిలబడి ఉంది. ఎటు చూసినా వ్యాగన్లే. కదులుతుందేమోనని వానలో నిలబడ్డాం. కదల్లేదు. ఇంతలో అవతల మద్రాసు బండి వచ్చి ఆగింది. వ్యాగన్ల సందుల్లోంచి జనం ఎక్కడం కనిపిస్తూనే ఉంది.

"నాయనా, నేను కింద దూరి పోతా. పెట్టె సందులోంచి అందియ్యి," అంది అక్క.

"వద్దమ్మే! ఇది ఎప్పుడు కదులుతుందో ఎవురికి తెలుసు? పోయినేడు ఒకాయన ఇట్టనే దూరినాడు. నేను కళ్లారా చూసినా."

అక్క వంగింది. నాయన కర్ర వదిలేసి, ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకుని బురదలో కూలబడ్డాడు. అక్క విడిపించుకోగలదు. విడిపించుకోలేదు. మద్రాసు బండి వెళ్లిపోయింది. గూడ్సు ఆ తరవాత గంటసేపు అక్కడే ఉంది.

ఆ వానకు బస్సులు లేవు, మళ్లీ బండి మర్నాడు పొద్దునే. అక్క మద్రాసు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. పెద్ద నర్సు జాలిగానే మాట్లాడిందట. వచ్చే ఏడు రమ్మందట. వచ్చే ఏటికి అక్కకు వయసు దాటిపోయింది. దగ్గర్లోని బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పడానికి కుదురుకుంది.

"నేను పట్టుకోకుండా ఉండాల్సిందా?" అని నాయన అమ్మను అడుగుతూనే ఉండేవాడు.

చాలా ఏళ్లకు నేనే అక్కను అడిగాను, ఎందుకు విడిపించుకోలేదని.

"ఆయన చేతులు వణకతా ఉన్నాయి మే. ఎట్ట విడిపించుకునేది?" అంది.