డ్రమ్ము కన్నంలో మా బావ కన్ను

మా కేశవులు బావకు తాగుడు లేదు, పేకాట లేదు, కనీసం ముక్కుపొడుం అలవాటైనా లేదు. ఉన్న జబ్బల్లా ఒక్కటే. సైడు డ్రమ్ము కనిపిస్తే చాలు, దాని కన్నంలో కన్ను పెట్టి చూడందే అక్కడినుంచి కదలడు. అది పెళ్లి మెరవణి కానీ, వినాయకుడి నిమజ్జనం కానీ, గెలిచిన లీడరు ఊరేగింపు కానీ, బావ చూడ్డం అయ్యేదాకా అందరూ రోడ్డు మీద ఆగాల్సిందే.

డ్రమ్ముకు కన్నమేమిటని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. నా పెళ్లిలో నా చెవి పక్కనే వాయించారు, అయినా నాకు కనబడలేదు. బ్యాండుసెట్టులో మెడకు తగిలించుకుని రెండు పుల్లలతో టరటరమని వాయిస్తారే, ఆ చిన్న డ్రమ్ము పక్కన చిటికెనవేలు పట్టనంత కన్నం ఒకటి ఉంటుందట. కొట్టినప్పుడు లోపలి గాలి పోవడానికట. పాతకాలపు మిలిటరీ డ్రమ్ముల్లో అయితే ఆ కన్నానికి సరిగ్గా ఎదురుగా, లోపలి గోడకు, చేసిన కంపెనీవాడి చీటీ అతికించి ఉంటుందట. అది చదివితే డ్రమ్ము జాతకమంతా తెలిసిపోతుందట. ఇన్నిసార్లు 'అట' ఎందుకంటున్నానంటే, ఇదంతా బావ చెప్పిందే. నాకు సొంతంగా తెలిసిన విద్య టైల్స్ వ్యాపారం ఒకటే. అది కూడా తెలియదని కర్నూలులో నా దగ్గర కొన్నవాళ్లు అంటారు.

బావది నందికొట్కూరులో పాత్రల అంగడి. పాత ఇత్తడి తీసుకుని కొత్త స్టీలు ఇస్తాడు. ఒకరోజు ఊళ్లో బ్యాండుసెట్టు నడిపే ఏసేపు మసిబారిన ఇత్తడి డ్రమ్ము ఒకటి తెచ్చి త్రాసులో పెట్టాడు. తోలు చిరిగింది, తాళ్లు తెగాయి. వాళ్ల తాత తెల్లదొరల కాలంలో పటాలంలో వాయించిన డ్రమ్మట. బావ తడిగుడ్డతో తుడిస్తే మసి కింద ఎర్రరంగు, దాని మీద ఒక కిరీటం బయటపడ్డాయి. కన్నంలోకి టార్చి వేస్తే లండను కంపెనీ చీటీ కనబడింది. ఆ క్షణాన మా బావ, పెళ్లిచూపుల్లో మా అక్కను కూడా చూడనంత ప్రేమగా దాన్ని చూశాడని మా అక్క ప్రమీలమ్మ ఇప్పటికీ అంటుంది.

"ఇది కరగబోసే వస్తువు కాదు ఏసేపన్నా. నీకు కావల్సిన స్టీలు సామాను తీసుకో. ఇది ఈన్నే నా అంగట్లో ఉంటాది. నీకెప్పుడు చూడల్లనిపిస్తే అప్పుడు వచ్చి చూసిపో" అన్నాడు బావ.

అలా ఆ డ్రమ్ము అంగట్లో ఇడ్లీ పాత్రల మధ్య కొక్కేనికి వేలాడింది. నడుమ కొన్నాళ్లు మా అక్క అందులో ఎర్రగడ్డలు పోసింది. బావ రెండు రోజులు అన్నం మానేశాక తీసేసింది.

అప్పటినుంచి బావ జేబులో రెండు వస్తువులు ఉంటాయి. ఒకటి చిన్న టార్చి. రెండోది పళ్ల డాక్టర్లు నోట్లో పెట్టి చూసే వంకర అద్దం. పన్ను పీకించుకున్న రోజున డాక్టరు దగ్గర బతిమాలి తెచ్చుకున్నాడు. కన్నంలో నేరుగా కనపడని మూలలకు అదట.

నాకు పాఠాలు కూడా చెప్పాడు. మా ఇంట్లో టిఫిను తింటూ ఒక పూరీ పైకెత్తి చూపించాడు.

"ఇట్ల పొంగి గుండ్రంగా ఉందా? కిరీటం ఇట్లుంటే రాజుల కాలం. ఇదో, నడిమధ్య వేలుతో నొక్కినా. ఇట్ల నొక్కుంటే రాణి కాలం. మూడు సింహాలుంటే మనకు స్వాతంత్ర్యం వచ్చినాక చేసింది. తెలిసెనా?"

"తెలిసింది బావా. మరి తాళ్లుంటే పాతది, నట్లుంటే కొత్తది, అంతే కదా?"

"తాడు చూసి మోసపోవద్దప్పా. తాడు నిన్న కూడా కట్టొచ్చు. కింద తోలుకు ఆనించి బిగించిన తంతులు మేకపేగువా, ఇనుప తీగవా చూడల్ల. అతుకు చూడల్ల. స్క్రూ చూడల్ల. అన్నిటికంటే ముందు కన్నం చూడల్ల."

నేను తల ఊపి, నొక్కిన పూరీ కూడా తినేశాను. పాఠంలో నాకు గుర్తున్నది ఆ పూరీ ఒకటే.

ఒకసారి అందరం కలిసి గండికోట చూడబోయాం. దారిలో ఓ రిసార్టులో కాఫీకి ఆగితే, హాల్లో గోడకు డ్రమ్ము ఒకటి తగిలించి, కింద 'మొదటి ప్రపంచ యుద్ధంలో వాడినది' అని బోర్డు పెట్టారు. బావ కుర్చీలోంచి లేవను కూడా లేదు. కాఫీ చల్లార్చుకుంటూ మేనేజరును పిలిచాడు.

"ఏమప్పా, ఆ కిరీటం కింద ఇంగ్లీషు అక్షరాలేందో చదువు."

మేనేజరు చదివాడు. రెండో ఎలిజబెత్ రాణి పేరు.

"ఆ యమ్మ పుట్టిందే ఆ యుద్ధమైపోయినాక. యుద్ధంలో డ్రమ్ము మీదికి ఆ యమ్మ పేరు ఎట్ల వచ్చెనప్పా?"

మేనేజరు ఆ బోర్డు తీసి లోపలికి తీసుకుపోయాడు. మా కాఫీలో రెండోసారి చక్కెర అడిగితే మాత్రం ఎవరూ పలకలేదు. దీనిలో మీరు గమనించాల్సింది ఏమిటంటే, కాఫీ చల్లారేలోపు బావ పని అయిపోయింది. నేను అప్పుడు గమనించలేదు. గమనించే అలవాటే ఉంటే తరవాత నేనూ ఒక డ్రమ్ము కొని ఉండేవాణ్నే కాదు.

ఆ కథ ఇది. మా అమ్మాయి నాగశ్రీకి రాజంపేట సంబంధం కుదిరింది. వాళ్లు పెద్ద వ్యాపారస్థులు. వాళ్ల ముందు మనం తక్కువ కాకూడదని, కల్యాణమండపం గుమ్మం దగ్గర పెట్టడానికి పాత సామాన్లవాడి దగ్గర ఒక డ్రమ్ము కొన్నాను. వాడు టిప్పు సుల్తాన్ సైన్యానిదన్నాడు. నేను ఇంటికి వచ్చేలోపు దాన్ని స్వయంగా టిప్పు సుల్తానే వాయించాడని నమ్మేశాను. వీధిలో అందరికీ చెప్పాను. బావకు ఫోను చేసి పిలిపించాను.

బావ గడపలో చెప్పులు విడుస్తూ దూరంనుంచే చూశాడు. రెండో చెప్పు ఇంకా కాలికే ఉంది.

"పోయినేడు చేసింది ఇది."

"దగ్గరికొచ్చి చూడు బావా. కన్నమైనా చూడవా?"

"స్క్రూ తలకాయ మీద ప్లస్సు గుర్తుండాది ప్రదీపా. టిప్పు కాలంలో స్టార్ స్క్రూడ్రైవరు యాడిది?"

మా ఆవిడ వంటింట్లో చాలాసేపు దగ్గింది. ఆ దగ్గు దగ్గు కాదని నాకు తెలుసు. ఆ డ్రమ్ము ఇప్పుడు నా టైల్స్ షాపులో స్టూలుగా పనికొస్తోంది.

ఇక పెళ్లి దగ్గరపడింది. నా భయమంతా మా వియ్యంకుడి గురించే. ఆయన చేతి గడియారం చూసుకున్నంతగా మనిషి మొహం చూడడు. నిశ్చితార్థంలో పురోహితుడు కాస్త ఆలస్యం చేస్తే, "ముహూర్తం దాటితే మేము లేచిపోతామండీ" అని నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు నాకు నిద్ర లేకుండా చేసింది. ఎండాకాలం పెళ్లి. పొద్దున విడిదినుంచి మండపానికి పెళ్లికొడుకు మెరవణి. ముందు బ్యాండు. బ్యాండులో సైడు డ్రమ్ము. సైడు డ్రమ్ముకు కన్నం. అక్కడికి వచ్చేసరికి నాకు చెమటలు పట్టేవి.

"బావా, నీ కాళ్లు పట్టుకుంటా. ఈ ఒక్క పెండ్లిలో కన్నం చూడొద్దు" అన్నాను.

"ముహూర్తం తప్పకూడదు, అంతే కదా?"

"అంతే."

"తప్పనీనులే. బ్యాండుకు ఏసేపన్నను నేనే మాట్లాడినా."

నేను పొంగిపోయి బావకు రెండోసారి కాఫీ ఇప్పించాను. ఆయన ఏం ఒప్పుకున్నాడో, ఏం ఒప్పుకోలేదో ఆలోచించే తెలివి నాకుంటే ఈపాటికి రెండో షాపు పెట్టేవాణ్ని.

మెరవణి బయలుదేరింది. కర్నూలు ఎండ పొద్దున్నే మంచి హుషారు మీద ఉంది. పెళ్లికొడుకు ఏసీ కారులో, వియ్యంకుడు గొడుగు కింద. ముందు పెళ్లికొడుకు స్నేహితులు ఎగురుతూ, పాట ముగియకముందే ఇంకో పాట అడుగుతున్నారు. తల నెరిసిన ఏసేపు ఎర్రకోటు వేసుకుని, మెడకు డ్రమ్ము తగిలించుకుని, వాళ్లు అడిగినవన్నీ వాయిస్తూ నడుస్తున్నాడు. బావ చేతులు కట్టుకుని బుద్ధిగా పక్కనే నడుస్తున్నాడు. నేను లోలోపల దేవుడికి దండం పెట్టుకున్నాను.

ఒక వేపచెట్టు దగ్గరికి రాగానే బావ చెయ్యి పైకెత్తాడు.

"ఆపండప్పా. ఆ డ్రమ్ము ఒకతూరి ఇటియ్యి ఏసేపన్నా. ఇది శానా పాతదాని మాదిరి ఉండాది."

 బావ డ్రమ్ము తీసి చెట్టు పక్క ఇంటి అరుగు మీద పెట్టి, కూచుని, టార్చి ఒక చేత్తో, వంకర అద్దం ఒక చేత్తో పట్టుకుని కన్నంలో కన్ను పెట్టేశాడు. పాట ఆగింది. ఎగిరేవాళ్లు ఆగారు. కారు ఆగింది. మా వియ్యంకుడు గడియారం చూసుకుని, తరవాత నన్ను చూశాడు.

"ఎవరండీ ఆయన?"

"పాత్రలాయనండీ" అన్నాను. సొంత అక్క మొగుణ్ని నడిరోడ్డు మీద పాత్రలాయన చేసేశాను.

ఎంతకీ లేవడు. డ్రమ్మును తిప్పుతాడు, ఊదుతాడు, మళ్లీ చూస్తాడు. ఇక లాభం లేదని పోయి ఆ టార్చి లాక్కున్నాను. లాక్కుంటే అది మరీ తేలిగ్గా ఉంది. నొక్కాను, వెలగలేదు. మూత విప్పాను. లోపల సెల్లు లేదు.

డ్రమ్ము వంక చూశాను. నా అవమానంనుంచి నేను నేర్చుకున్న ఏకైక చదువు అప్పుడు పనికొచ్చింది.

"బావా, దీనికి ప్లస్సు స్క్రూలుండాయి. ఇది కొత్తది. నేనే చెప్తాండా కదా, ఇంక లే."

బావ కన్నంలోంచి కన్ను తీయకుండానే మెల్లగా అన్నాడు. "తెలుసప్పా. దసరాకు నేనే కొనిచ్చినా. తేలిగ్గా ఉంటాదని."

"మరి సెల్లు లేని టార్చి పెట్టుకొని ఆ చీకట్లో ఏం చూస్తాండావు?"

"అరవొద్దు. ఏసేపన్నకు ఆయాసం ఇంగా తగ్గలా."

తిరిగి చూశాను. వేపచెట్టు నీడలో ఏసేపు గోడకు చేరగిలబడి, ఎర్రకోటు గుండీలు విప్పుకుని, గుండె మీద చెయ్యి పెట్టుకుని ఊపిరి తీస్తున్నాడు. మిగతా బ్యాండువాళ్లందరూ నీడలో కూలబడ్డారు. పెద్ద స్టీలు క్యానుతో మా అక్క వాళ్లకు గ్లాసుల్లో మజ్జిగ పోస్తోంది. బావ డ్రమ్ముల పిచ్చి గురించి ఇరవై ఏళ్లుగా నా దగ్గర ఏడ్చిన మా అక్కే. క్యాను పొద్దున్నే నింపుకుని ఆటోలో వెనకే వచ్చిందట.

"కాసేపు ఆపండని నేరుగా చెప్పొచ్చు కదా బావా?" అన్నాను.

"ఒకసారి ఒక పెండ్లిలో చెప్పి చూసినా. బ్యాండోళ్లకు ఒళ్లు వంగదని వాళ్లనే తిట్టిరి. ఇంకో పెండ్లికి వాళ్లను పిలువలా. అదే నన్ను పిచ్చోడంటే నాకేం పోతాది? బంధువుని కదా, నాకు పెండ్లిపత్రిక ఇయ్యక తప్పదు."

అప్పుడు నా మట్టిబుర్రలో దీపం వెలిగింది. నిజంగా పాతదైతే బావకు కాఫీ చల్లారేంత సేపు చాలు. కొత్తదైతే చెప్పు విడిచేంత సేపు కూడా అక్కర్లేదు. గంటలకొద్దీ చూసేవన్నీ ఊరేగింపుల్లోనే, అన్నీ ఎండలోనే, ప్రతిసారీ ఏదో ఒక నీడ పక్కనే. ఆయన డ్రమ్ము వయసు చూడ్డం లేదు. మోసేవాడి వయసు చూస్తున్నాడు. నాకు బావ మీద ఒక్కసారిగా ఎంత ప్రేమ పుట్టిందంటే, అక్కడే కాళ్లకు మొక్కేవాణ్ని. కొత్త పంచె నలుగుతుందని మానుకున్నాను.

ఇంతలో వియ్యంకుడు గొడుగుతో సహా వచ్చేశాడు. "ఇంకెంతసేపండీ? ముహూర్తం సంగతి ఏమిటి?"

ఏసేపు గ్లాసులో మజ్జిగ ఇంకా సగం ఉంది. నేను బావను పక్కకు జరిపి, అరుగు మీద కూచుని, కన్నంలో కన్ను పెట్టాను. లోపల కటిక చీకటి.

"ముహూర్తానికి బోలెడు టైముంది బావగారూ. చీటీ కనబడుతోంది. సంవత్సరం దగ్గరే కాస్త చెరిగిపోయింది."

"సెల్లు లేని టార్చి" అని గొణిగాడు బావ. నేను మోచేత్తో ఆయన్ను పొడిచాను.

వియ్యంకుడు గొడుగు మడిచాడు. "ఏదీ, ఒకసారి నన్ను చూడనివ్వండి" అని పట్టుపంచె ఎగగట్టి కూచుని, ఆ చీకట్లోకి తదేకంగా చూశాడు. మాకిద్దరికీ కనబడింది తనకు కనబడలేదంటే ఏం బాగుంటుంది?

"అవునండోయ్, ఏదో ఇంగ్లీషులో రాసుంది. ఆ వంకర అద్దం ఇలా ఇవ్వండి" అన్నాడు.

ఆయన అద్దం పెట్టి ఆ మూలా ఈ మూలా చూసేలోపు ఏసేపు రెండో గ్లాసు కూడా తాగి, కోటు గుండీలు పెట్టుకుని లేచాడు. "సావుకారీ, డ్రమ్ము ఇస్తారా, మండపానికి పోదాము?" అని అడిగాడు. మిగిలిన దారంతా ఏసేపు వాయించిన వాయింపుకు ఏసీ కారులోంచి పెళ్లికొడుకే దిగి ఎగిరాడు. ముహూర్తం తప్పలేదు. బావ మాట కూడా తప్పలేదు.

తన కొడుకు పెళ్లిలో రాజుల కాలం నాటి మిలిటరీ డ్రమ్ము వాయించారని మా వియ్యంకుడు రాజంపేటలో ఇప్పటికీ చెబుతాడు. చీటీ తన కళ్లతో చూశానంటాడు. నేను కాదనను.

పోయిన వారం మా వీధిలో పెళ్లి ఉందంటే నేను కూడా బజారుకు పోయి చిన్న టార్చి ఒకటి కొనుక్కొచ్చాను. సెల్లు వేయలేదు.