గాజు అని రాసిన పెట్టె

నా భార్య చనిపోయిన ఏడాది, ఆమె గాజుపలక మీద వేసిన చివరి బొమ్మలో రంగు పెచ్చులుగా లేవసాగింది. కళ్లంలో రాగులు తూర్పారబడుతున్న ఇద్దరు ఆడవాళ్ల బొమ్మ అది. మిగిలినవన్నీ ఆమె ఎవరెవరికో ఇచ్చేసింది. రంగును మళ్లీ అతికించగలిగే మనిషి బెంగళూరులో ఉన్నాడని తెలిసింది. మా ఊరు పరగోడు నుంచి బాగేపల్లికి ఎద్దులబండి, అక్కడి నుంచి చిక్కబళ్లాపురానికి బస్సు, అక్కడ మళ్లీ బస్సు మారాలి. ఆ కుదుపులకు రంగు రాలిపోతే అతికించడానికి ఏమీ మిగలదు.

చింతామణి హైస్కూల్లో సైన్సు చెప్పే మా బావమరిది, ముందు ఉత్త గాజుపలకతో వెళ్లి చూడమన్నాడు. పెట్టెలో ఒక పక్కన, దీపం మసి పట్టించిన చిన్న పలకను, దాన్ని తాకేలా సన్నని తీగ కొసన సూదిని బిగించాడు. పెట్టె ఎంత అదిరితే మసిలో గీత అంత పొడవు పడుతుంది. ప్రతి మజిలీలో చిన్న తలుపు తీసి మసిపలక మార్చడం నా పని. పెట్టె మీద పెద్ద అక్షరాలతో "గాజు, జాగ్రత్త" అని రాశాను.

బండిదారి గీతలు నేను భయపడినంత లేవు. బస్సువి ఇంకా చిన్నవి. చిక్కబళ్లాపురంలో బస్సు మీది నుంచి పెట్టె దించిన కూలీ, దాన్ని చెవిదాకా ఎత్తి గట్టిగా ఊపాడు.

"ఏం చేస్తాండావప్పా!"

"గాజులు గదప్పా? పగిలిండేది ఉంటే గలగల అంటాది. ఈడ ఇనకపోతే, రేపు అంగడాయన నువ్వే పగలగొట్నావంటాడు."

"గాజులు కాదు, గాజు. లోపల ఉండేది గాజుపలక."

"ఒక్క గాజుకు ఇంత పెట్టె ఏందబ్బా అనుకుంటి. ఏనుగుకు తొడిగేదేమో అని!"

నాకు నవ్వొచ్చింది. మసిపలక తీసి చూస్తే గీత మసిని దాటి అంచుదాకా పోయింది.

"దేవుని పటం అని రాయప్పా, ఎవురూ ఊపరు," అన్నాడతను.

"నేను పంపేది దేవుని పటం కాదు గదా."

"పెట్టె మూసిండాది. ఎవురికి తెలుస్తాది?"

ఇంటికి వచ్చి, పాత రాతను గీకేసి, రంగు కుంచె పట్టుకున్నాను. ఆమె ఎన్నడూ దేవుణ్ణి వేయలేదు. ఎవరైనా అడిగితే, చూసిన ముఖాలే వేయగలనని చెప్పేది. ఈ రాతకు ఆమె ఒప్పుకునేది కాదు. అయినా "దేవుని పటం" అని రాశాను.

వారం తర్వాత అసలు బొమ్మతో చిక్కబళ్లాపురంలో దిగాను. అదే కూలీ వచ్చాడు. రాత కూడబలుక్కుని చదివి, చెప్పులు విడిచి, పెట్టెను రెండు చేతులా అందుకున్నాడు.

"దేవుడు కాదని నీకు తెలుసు గదప్పా," అన్నాను మెల్లగా.

"రాసిండారు గదా," అన్నాడు. పెట్టెను బెంగళూరు బస్సుదాకా అలాగే మోసి, నా పక్కన పెట్టాడు. ఈసారి మసిలో గీత వెంట్రుకంత కూడా లేదు.

బెంగళూరులో చట్రం విప్పి, రాలిన పెచ్చుల కోసం వెతికాం. ఒకటి దొరికింది, గోరంత. బొమ్మలో ఒకామె మోచేతిది. బాగుచేసే మనిషి దాన్ని కాగితం మీద పెట్టి, పలకను వెలుతురుకు ఎత్తి చూశాడు.

"చేయొచ్చు," అన్నాడు.