ఎర్ర మూత ట్యూబు

బాపట్ల కాలేజీలో మాకు జువాలజీ చెప్పిన మేడం రిటైరయ్యాక రేపల్లెలో మా వీధిలోనే ఇల్లు తీసుకున్నారు. రెండువేల ఐదో, ఆరో. నేనప్పుడు రోజూ రైల్లో తెనాలి వెళ్ళి ఓ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేస్తున్నాను. క్లాసులో ఒక్క తప్పు మాట దొర్లినా నిలబెట్టి దిద్దించేవారు ఆవిడ. నాకు ఆ భయం ఇంకా పోలేదు.

ఆ వేసవిలో మేడం బాగా చిక్కిపోయారు. ఎన్ని నీళ్ళు తాగినా దాహం తీరడం లేదన్నారు.

"షుగరేమో చూద్దామండీ. పొద్దున్నే ఏమీ తినకండి" అన్నాను.

తీరా తెల్లవారి చూసుకుంటే సంచిలో షుగరుకి వాడే బూడిదరంగు మూత ట్యూబు ఒక్కటీ లేదు. ఉన్నది ఎర్ర మూతది, ఏ పొడీ వెయ్యని ఉత్త ట్యూబు. గంట ప్రయాణానికి ఏమవుతుందిలే అని అందులోనే రక్తం తీశాను.

సరిగ్గా ఆ రోజే రైలు దారిలో మొరాయించింది. తెనాలి చేరితే ల్యాబ్‌లో కరెంటు లేదు. మధ్యాహ్నం ఎప్పుడో పరీక్ష చేస్తే షుగరు నార్మల్ అని వచ్చింది. ఆలస్యం సంగతి నాకు తట్టకపోలేదు. కానీ నాకు కావలసిన అంకె వచ్చింది, ఇక దాన్ని కదపబుద్ధి కాలేదు. మేడం కాఫీలో మళ్ళీ రెండు చెంచాల పంచదార పడింది.

రెండు నెలలకి చెప్పు కరిచి ఆవిడ ఎడమ కాలి చిటికెన వేలికి పుండు పడింది. ఎంతకీ మానదు. నన్ను పిలిపించారు.

"ఆ రోజు ఏ ట్యూబులో తీశావే?"

నాకు ఒళ్ళు మండింది. "మిషను అబద్ధం చెప్పదండీ."

"మిషన్ని కాదు, నిన్నడుగుతున్నా."

"ఎర్ర మూతదండీ."

తిడతారనుకున్నాను. పాఠం చెప్పారు.

"కండరమైతే ఇన్సులిన్ వచ్చి చెప్తేగానీ చక్కెరని సరిగా రానివ్వదు. ఎర్రకణానికి ఆ పేచీ లేదు. దాని పొరలో చక్కెర కోసం వేరే దారుంది, ఎప్పుడూ తెరిచే ఉంటుంది. బయట ఎక్కువ, లోపల తక్కువ ఉంటే చాలు, వెళ్ళిపోతుంది. వెళ్ళిందాన్ని కణం వాడేసుకుంటూనే ఉంటుంది. ఒంట్లోంచి తీసి ట్యూబులో పోసినా అంతే. నీ రైల్లో నా కణాలు టిఫినూ భోజనమూ కానిచ్చాయి. మిగిలింది నువ్వు కొలిచావు."

బూడిద మూత ట్యూబులో ఉండే పొడి ఆ వాడకాన్నే ఆపుతుంది. అది నాకు రాని పాఠమేం కాదు.

మర్నాడు సరైన ట్యూబులో తీసుకెళ్ళి చూశాను. షుగరు నార్మల్‌కి రెండింతలు దాటింది. ఆ వారమే తెనాలి ఆసుపత్రిలో ఆవిడ చిటికెన వేలు తీసేశారు.

కట్టు మారుస్తూ డాక్టరుగారు విసుక్కున్నారు. "ఇన్నాళ్ళూ ఏం చేశారమ్మా? రెండు నెలల ముందు తెలిసుంటే వేలు దక్కేది."

నేను మంచం పక్కనే ఉన్నాను. మేడం నావైపు చూడలేదు.

"నాదే అశ్రద్ధండి. పరీక్ష చేయించుకోలేదు" అన్నారు.

ఒక్క తప్పు మాట సహించని మనిషి నా కోసం అబద్ధమాడారు. కాదండీ, చేసింది నేనే అని చెప్పడానికి నోరు తెరిచాను. మళ్ళీ మూసుకుని, విప్పిన పాత కట్టు తీసి బుట్టలో వేశాను. డాక్టరుగారు పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయారు.