శ్రావణం దాకా దాచిన హారం

ఆ ఏడాది కలువ మొగ్గల హారం వైశాఖానికే తయారైపోయింది. సన్నటి గొలుసుకి వరసగా మొగ్గలు, మధ్యలో ఒక్కటి మాత్రం సగం విచ్చుకుని ఉంటుంది. బొమ్మ గీసింది నేను. అచ్చు చెక్కించి, రోల్డుగోల్డు రేకు మీద కొట్టించి, మొదటి శాంపిల్ చేతికిచ్చింది మా ఆయన. బందరు చిలకలపూడిలో మాదో చిన్న షెడ్డు. మెడలో వేసుకుని అద్దంలో చూసుకుంటే, ఇన్నేళ్ళలో మా దగ్గర తయారైన వాటిల్లో ఇంత బావున్నది లేదనిపించింది.

"పెళ్ళిళ్ళ రోజులు కదా, రేపే షాపులకి చూపిద్దామా?" అన్నాను.

"ఇప్పుడొద్దు. శ్రావణం ముందు బయటపెడదాం," అన్నారు.

ఆయన ఆలోచన నాకు అర్థం కాకపోలేదు. మా ఊళ్ళో కొత్త మోడల్ వచ్చిందంటే ఎవరో ఒకరు ఒక్క పీసు కొనుక్కెళ్ళి, దాన్ని చూసి అచ్చు చెక్కించేసుకుంటారు. పెద్ద మిషన్లున్నవాళ్ళు మాకంటే చవగ్గా మార్కెట్లోకి దింపేస్తారు. అదే మేం చప్పుడు కాకుండా సరుకు పోగేసుకుని, శ్రావణ శుక్రవారాల ముందు అన్ని ఊళ్ళకీ ఒకేసారి పంపితే, వాళ్ళు కాపీ కొట్టేలోపు సీజను అయిపోతుంది. వినడానికి బానే ఉంది. ఆ రోజులు గడపడమే నా వల్ల కాలేదు.

ఉప్పుగాలికి బంగారు పూత నల్లబడుతుందని, పూత వేయకుండానే హారాలన్నీ డబ్బాల్లో సర్ది మేడ మీద గదిలో పెట్టాం. ఇంటికి ఎవరొచ్చినా నా చూపు మెట్ల మీదే. బజారుకెళ్తే కూరలకంటే ముందు ఆడవాళ్ళ మెడలు చూసేదాన్ని. చుట్టాల్ని మంగినపూడి బీచికి తీసుకెళ్ళినప్పుడూ అంతే. అందరూ నీళ్ళలో ఆడుతుంటే, నేను ఎవరో ముక్కూమొహం తెలియని ఆవిడ గొలుసు వంక చూస్తూ నిలబడ్డాను.

అన్నిటికంటే కష్టం గుడివాడ బాబాయిగారి ఫోను. చుట్టరికం లేదు, మా పుట్టింటి వీధిలో మనిషి. ఫ్యాన్సీ షాపు ఆయనది. మేం పని మొదలుపెట్టినప్పుడు మా సరుకుని అందరికంటే ముందు అద్దాల బీరువాలో పెట్టింది ఆయనే.

"అమ్మాయ్, శ్రావణానికి కొత్తవేమన్నా ఉన్నాయా?" అని అడిగేవారు.

"లేవండీ బాబాయిగారూ, ఈసారికి పాతవే," అనేదాన్ని.

ఆయనకైనా చెబుదామంటే మా ఆయన ఒప్పుకోలేదు. "ఆయన నోరు జారరు. ఆ షాపులో వచ్చీపోయేవాళ్ళ సంగతేంటి?" అన్నారు.

ఆషాఢంలో ఒకరోజు, మాకు పూత వేసిపెట్టే అతను గుమ్మంలో నిలబడే చెప్పాడు. "పక్క వీధిలో ఏదో మొగ్గల హారం కొడుతున్నారంటమ్మా. గుడివాడకి శాంపిల్ కూడా వెళ్ళిందంట."

అతను వెళ్ళగానే, అన్నం తింటున్న మా ఆయన దగ్గరికి వెళ్ళాను. "ఈపూటే బయటపెట్టేద్దాం. ఇంకా ఆగితే మనదే కాపీ అంటారు," అన్నాను.

"వాళ్ళది చూడకుండా తొందరపడితే ఇన్నాళ్ళు ఆగిందంతా దండగ," అన్నారు మా ఆయన. అన్నం సగంలోనే చెయ్యి కడిగేసుకున్నారు.

మొదటి శాంపిల్ హారాన్ని రుమాల్లో చుట్టి బ్యాగులో వేసుకుని గుడివాడ బస్సెక్కాను. వాళ్ళ శాంపిల్ చూసొస్తానని మాత్రం మా ఆయనకి చెప్పాను. చినుకులు పడుతున్నాయి, దారంతా నాట్లు. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

బాబాయిగారు ఆ శాంపిల్ నేను అడక్కముందే తీసి చూపించారు. మల్లెమొగ్గలు. లావుగా, దగ్గర దగ్గరగా ఉన్నాయి. మాదానికీ దానికీ పోలికే లేదు. స్టూలు మీద కూలబడి మంచినీళ్ళు అడిగాను.

"మీ దగ్గర కొత్తవి లేవన్నావు కదమ్మా," అన్నారాయన, "శ్రావణం ఆర్డరంతా వాళ్ళకే ఇచ్చేశాను."

షాపులో ఇంకెవరూ లేరు. ఏమనిపించిందో, రుమాలు విప్పి హారం బల్ల మీద పెట్టాను. ఆయన కళ్ళజోడు సరిచేసుకుని చాలాసేపు చూశారు.

"ఇది ఉంచుకునే లేదన్నావా?"

కాపీల భయం గురించి ఏదో చెప్పబోయాను. ఆయనే హారాన్ని రుమాల్లో చుట్టి నా చేతిలో పెట్టారు. "ఎవరికీ చెప్పన్లే. వర్షం పెద్దదయ్యేలా ఉంది, బయల్దేరు."

ఇంటికొచ్చి జరిగిందంతా మా ఆయనకి చెప్పాను. కోప్పడతారనుకున్నాను. "ఆర్డరు వాళ్ళకి ఇచ్చేశారా?" అని మాత్రం అడిగారు. పార్సిళ్ళు బయల్దేరేదాకా మళ్ళీ అదే గుబులు. ఈసారి బాబాయిగారి ముందు నేనే బయటపెట్టుకున్నానన్న భయం కూడా తోడైంది.

బాబాయిగారు మాట నిలబెట్టుకున్నారు. శ్రావణం ముందు పూత పూర్తి కాగానే బెజవాడ, ఏలూరు, అవనిగడ్డ అన్నిటికీ సరుకు ఒకేసారి దిగింది. వరలక్ష్మీవ్రతం రాకుండానే మళ్ళీ పంపమని ఫోన్లు వచ్చాయి. కాపీలు వచ్చేసరికి భాద్రపదం. మా ఆయన అనుకున్నట్టే జరిగింది. గుడివాడలో మాత్రం ఆ శ్రావణమంతా మల్లెమొగ్గలే అమ్ముడయ్యాయి. మా అమ్మ ఫోన్ చేసి, వీధిలో అందరూ అవే వేసుకున్నారని చెప్పింది.

వినాయకచవితి వెళ్ళాక మా ఆయన ఒక్కరే గుడివాడ బాబాయిగారి దగ్గరికి వెళ్ళొచ్చారు. అక్కడేం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. సాయంత్రం చెప్పులు విప్పుతూ, "దీపావళికి కొంచెం సరుకు పంపమన్నారు," అని చెప్పి స్నానానికి వెళ్ళిపోయారు.