రెండంగుళాల మార్జిన్

జానెడు మాస్టారు ప్యాంటు కత్తిరించాడంటే ఇక దానికి తిరుగులేదని బజారంతా ఒప్పుకునే మాట. టేపు ఒక్కసారే వేస్తాడు. రెండోసారి వేయడం అతనికి నామోషీ. సుద్దముక్కని బ్లేడుతో చెక్కి చెక్కి అంచు పదును చేసుకుని, వెంట్రుకంత సన్నంగా గీత గీస్తాడు. ఇంత పనితనం ఉన్న మనిషిని సొంత పేరు పెట్టి పిలిచిన వాడు లేడు. ఎత్తు ఐదడుగులకి ఒక అంగుళం తక్కువ. ఎవడో పనిలేనివాడు ఎప్పుడో జానెడు మాస్టారు అన్నాడు, అంతే, జిగురు పెట్టినట్టు అతుక్కుపోయింది. పిలిస్తే పలికేవాడు, నవ్వేవాడు కూడా. లోపల మాత్రం ఉడికిపోయేవాడు.

కటింగ్ బల్ల వెనక నిలబడటానికి చెక్కపెట్టె ఒకటి, చొక్కా కొలతలకి స్టూలు ఒకటి ఉండేవి. పొడుగాటివాళ్లు వస్తే స్టూలుని కాలితో నెట్టుకుంటూ వెళ్లి, ఎక్కి, భుజాలు కొలవాలి. ఒకరోజు ఒక పెద్దమనిషి, ఈయన స్టూలు ఎక్కే అవస్థ చూడలేక, తనే మోకాళ్ల మీద కూర్చుని "ఇప్పుడు అందుతానా మాస్టారూ" అన్నాడు. పాపం, మర్యాదకే అన్నాడు. షాపులో ఉన్న నలుగురూ గొల్లుమన్నారు. మాస్టారూ నవ్వి కొలత రాసుకున్నాడు. పదిహేనేళ్లలో మొదటిసారి, ఆ చొక్కా చెయ్యి పొడవు తప్పింది.

అతని సొంత ప్యాంట్లలో ఒక రహస్యం ఉండేది. పాదాల దగ్గర మడత లోపల రెండంగుళాల గుడ్డ అదనంగా దాచి కుట్టేవాడు. ఎదిగే పిల్లలకి వదులుతారు అలా. ముప్పై నాలుగేళ్లు వచ్చినా తనకి తాను వదులుకుంటున్నాడని ఒక్క అక్కకే తెలుసు. అక్క ఆ షాపులోనే కాజాలు, గుండీలు కుట్టేది. షాపు వెనక రెండు గదుల్లో వాళ్లిద్దరే ఉండేవారు. తెలిసినా ఆవిడ ఎన్నడూ నోరు మెదపలేదు. నోరు మెదిపింది ఆపరేషన్ మాట విన్న రోజే.

"విరిగితే అతికించుకోవడానికి వెళ్తారు మనుషులు. నువ్వేంట్రా, బాగున్న ఎముక కోయించుకోవడానికి వెళ్తున్నావు?"

"రెండంగుళాలు పెరుగుతానక్కా."

"పెరిగి ఏం చేస్తావు?"

స్టూలు లేకుండా ఒక్కసారి భుజాలు కొలవాలని ఉంది అంటే అక్క ఒంటికాలి మీద లేస్తుందని తెలుసు. అందుకని మొండికేశాడు. రెండు రోజులు అన్నం మానేస్తే అక్కే దిగొచ్చి, పద నేనూ వస్తాను, ఆ డాక్టరు ఏమంటాడో నా చెవులతో వింటాను అంది.

డాక్టరు ఏమీ దాచలేదు. అక్క వైపు చూస్తూనే చెప్పాడు. "మోకాళ్ల కింద ఎముకలు రెండు కాళ్లకీ కోస్తాం. చుట్టూ ఇనప చట్రం బిగిస్తాం. చువ్వలు చర్మంలోంచి ఎముకలోకి దిగి ఉంటాయి. రోజుకి నాలుగుసార్లు నట్లు పావు మలుపు చొప్పున తిప్పితే, కోసిన చోట రోజుకో మిల్లీమీటరు ఎడం పెరుగుతుంది, అందులో కొత్త ఎముక పోసుకుంటుంది. ఎముక మన మాట వింటుందమ్మా. నరం వినదు. తొందరపెడితే చచ్చుబడుతుంది, పాదం వాలిపోతుంది. రోజూ కాలి బొటనవేళ్లు పైకెత్తి చూసుకోవాలి. లేవలేదా, నట్టు ముట్టుకోకుండా నాకు ఫోన్ చేయాలి. ఐదు సెంటీమీటర్లు దాటనివ్వను. నన్నడిగితే ఇది అవసరం లేని ఆపరేషన్."

అంతా విని అక్క తమ్ముడి మొహం చూసింది. అందులో ఐదు సెంటీమీటర్లు తప్ప ఇంకేమీ ఎక్కినట్టు కనపడలేదు.

ఆపరేషన్ అయ్యాక మంచం మీద పడుకున్నది తన తమ్ముడేనా అనిపించింది ఆవిడకి. మోకాళ్ల నుంచి చీలమండల దాకా ఇనప వలయాలు, వాటి మధ్య కాలికి నాలుగేసి కడ్డీలు, కడ్డీకో నట్టు. చువ్వలు దిగిన చోటల్లా నీరు కారుతుంటే, కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో ఒక్కొక్కటే తుడవాలి. తుడిచినప్పుడల్లా అతను పళ్లబిగువున మూలుగు ఆపుకునేవాడు. పక్కకి తిరిగే వీలు లేదు. పిక్కలు రోజురోజుకీ బిగిసి, ఎవరో లోపలి నుంచి మెలిపెడుతున్నట్టు ప్రాణాలు తోడేసేవి. మంచం పక్కన అద్దం పెట్టించుకున్నాడు ఎందుకో. మూడో రోజు తీయించేశాడు.

వారం తర్వాత మలుపులు మొదలయ్యాయి. ఆసుపత్రి వాళ్లిచ్చిన పానాతో అక్కే తిప్పేది. నిద్ర లేవగానే ఒకసారి, షాపుకి వెళ్లబోయే ముందు ఒకసారి, మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి. ఎనిమిది నట్లు. ఎక్కడ తప్పు పోతుందోనని, తిప్పినప్పుడల్లా నట్టు మీద, పక్కన కడ్డీ మీద కలిపి సుద్దతో ఒక గీత గీసేది. మళ్లీ తిప్పేముందు ఆ గీత కదలలేదని చూసుకునేది. ఆ తర్వాత "వేళ్లెత్తు" అనేది. రెండు బొటనవేళ్లూ లేచేవి. అప్పటికి గాని ఊపిరి పీల్చుకునేది కాదు. పానా తాళాల గుత్తికి తగిలించుకుని షాపుకి వెళ్లిపోయేది.

ఇలా సాఫీగా సాగిపోతే మన మాస్టారికి తోచాలి కదా. ఖాళీగా పడుకున్న మనిషి బుర్ర ఊరుకోదు. టేపు తెప్పించుకుని రోజూ తన కాలు తనే కొలుచుకునేవాడు. కొలిచి కొలిచి ఒక అనుమానం పట్టుకుంది. కొత్త గుడ్డ సరిగ్గా కొలతకి కుడితే ఏమవుతుంది? మొదటి ఉతుక్కే కురచ అవుతుంది. అందుకే ఏ దర్జీ అయినా మార్జిన్ వదులుతాడు. మరి కొత్త ఎముక మాటేమిటి? చట్రం విప్పాక అదీ కాస్త కుంగితే? డాక్టరుకి ఎముకలు తెలుసు గాని కత్తిరింపు తెలుసా? పదిహేనేళ్లు గుడ్డతో బతికినవాడికి ప్రపంచమంతా గుడ్డలాగే కనపడింది.

"పాత మెషీను బాబిన్ కేసు బాగు చేస్తానక్కా, పొద్దుపోవట్లేదు. సామాను డబ్బా ఇచ్చి వెళ్లు," అన్నాడు. తమ్ముడికి పని మీద మనసు మళ్లిందని అక్క సంబరపడి డబ్బా ఇచ్చింది. అందులో చిన్న పానా ఉంది. నట్టుకి అచ్చంగా సరిపోయింది.

ఇక మధ్యాహ్నం అక్క షాపుకి వెళ్లగానే, లేచి కూర్చుని, ఎనిమిది నట్లూ ఇంకో పావు మలుపు తిప్పేవాడు. కాళ్లలో నిప్పులు పోసినట్టయ్యేది. నోట్లో గుడ్డ కుక్కుకుని, కళ్లనీళ్లు కారుతుండగా, అక్క గీసిన గీతలు తడిగుడ్డతో తుడిచి కొత్త గీతలు గీసేవాడు. వారం పోయాక రెండు పావులు తిప్పడం మొదలుపెట్టాడు. రెండు కాళ్లలో కుడి కాలు ఎదురు తిరిగింది. మొదట పాదం మీద చీమలు పాకినట్టుంది. తర్వాత మంట. తర్వాత మంట కూడా లేదు. ఒక పొద్దున వేలెత్తబోతే అది అతని వేలే కానట్టు ఉండిపోయింది.

అప్పుడైనా చెప్పొద్దూ? చెప్తే ఆపేస్తారు. ఇంకా అర అంగుళం పైనే ఉంది. మాస్టారు దారాల డబ్బా తెరిచాడు. ఏ గుడ్డకైనా రంగు కలిసే దారం వెతకడంలో అతన్ని మించినవాడు లేడు. తన చర్మానికి కలిసే దారం వెతుక్కున్నాడు. బొటనవేలికి ఉచ్చు వేసి, పై వలయం మీదుగా దుప్పటి కిందకి లాగి, కొస చూపుడువేలికి చుట్టుకున్నాడు. అక్క "వేళ్లెత్తు" అంటే ఎడమ వేలు దానంతట అది లేచేది. కుడి వేలు దారం లాగితే లేచేది. నాలుగు రోజులు అలా గడిచాయి.

ఐదో రోజు మధ్యాహ్నం అక్క భోజనానికి వచ్చింది. చేతులు కడుక్కుని, కళ్లజోడు పెట్టుకుని, పానా తీసి వంగింది. అలాగే ఆగిపోయింది.

"ఈ గీత ఎవరు గీశారు?"

"నువ్వేగా పొద్దున గీశావు."

"నాది కాజాలు కుట్టే చెయ్యి. గీత బండగా పడుతుంది. ఇది వెంట్రుకలా ఉంది." ఆవిడ ఒక్కో నట్టూ చూసుకుంటూ వెళ్లింది. "ఈ బజార్లో ఇలా గీసేవాడు ఒక్కడే ఉన్నాడు."

మాస్టారు గోడకేసి చూశాడు. మామూలుగా మధ్యాహ్నం అక్క వెళ్లాకే తిప్పేవాడు, రాత్రి బల్బు గుడ్డివెలుతురులో ఆవిడకి గీతల తేడా తెలిసేది కాదు. ఆ రోజు ఆత్రం ఆగక పొద్దున్నే తిప్పేశాడు.

"వేళ్లెత్తు."

రెండూ లేచాయి.

"దించి మళ్లీ ఎత్తు."

లేచాయి. అక్క మొహం పాదాల దగ్గరకి తెచ్చింది. "ఇంకోసారి." చేతికి చెమట పట్టి దారం జారింది. మాస్టారు గట్టిగా లాగాడు. టప్‌మని తెగింది. కుడి పాదం మొత్తం ముందుకి వాలిపోయి, అలాగే ఉండిపోయింది. వేలి చుట్టూ ఉచ్చు మిగిలింది.

అక్క ఆ ఉచ్చుని గోటితో విప్పి, వేలు కిందంతా నొక్కి చూసింది.

"తెలుస్తోందా?"

"లేదు."

"ఎన్నాళ్లయింది?"

"నాలుగు రోజులు."

"నాలుగు రోజులు," అంది అక్క. మంచం పట్టీ మీద కూర్చుంది. "నేను అడగడం, నువ్వు దారం లాగడం. నేను నమ్మి, వెళ్లి గుండీలు కుట్టుకోవడం. మెషీను ఎలా తొక్కుతావురా? ముందు వేళ్లు నొక్కాలి, తర్వాత వేళ్లెత్తి మడమ నొక్కాలి. పాదం లేవకపోతే పెడల్ వెనక్కి ఎలా వస్తుంది?"

వింటే నమ్మరు గాని, ఆ సంగతి అప్పటిదాకా అతనికి తట్టనే లేదు. ఎత్తు గురించి పదేళ్లు ఆలోచించాడు. పాదం గురించి ఒక్క పూటా ఆలోచించలేదు. "అక్కా, నా కాలు," అన్నాడు. బావురుమన్నాడు. అక్క కళ్లు తుడుచుకుని డాక్టరుకి ఫోన్ చేసింది.

గంటలో ఆసుపత్రిలో ఉన్నారు. డాక్టరు ఎక్స్‌రే చూసి, స్కేలుతో ఎడం కొలిచి, మాస్టారి వైపు తిరిగాడు. "నేను చెప్పిన దానికంటే మీరు ముందున్నారు," అన్నాడు. "ఇప్పుడు వెనక్కి తిప్పాలి. రెండు కాళ్లూ. లేకపోతే ఒకటి కురచ అవుతుంది. మొత్తం మీద ఒక్క అంగుళం మిగులుతుంది."

"నరం వస్తుందా డాక్టర్ గారూ?" అక్క అడిగింది.

"రావచ్చు. రాకపోవచ్చు. నెలలు పడుతుంది. ఇంకో వారం ఇలాగే తిప్పుకుని ఉంటే ఈ రావచ్చు అనే మాట కూడా అనేవాణ్ని కాదు."

వెనక్కి తిప్పింది కూడా అక్కే. చిన్న పానా కూడా ఇప్పుడు ఆవిడ తాళాల గుత్తికే వేలాడుతోంది. ప్రాణం పణంగా పెట్టి సంపాదించుకున్నది పావు మలుపు పావు మలుపుగా పోతుంటే అతను కళ్లు మూసుకునేవాడు. తిప్పడం కాగానే "వేలెత్తు" అనేది అక్క. కుడి వేలు కదిలేది కాదు. ఆవిడ ఉప్పునీళ్లు అందుకునేది. చట్రం విప్పడానికి ఇంకా ఏడు నెలలు పట్టింది. కొత్తగా పోసుకున్న అంగుళం ఎముక అంతే నిలిచింది, గుడ్డలా కుంగలేదు. అన్నాళ్లూ అక్క రోజూ అడుగుతూనే ఉంది, వేలు రోజూ అలాగే ఉంది.

చట్రం విప్పిన నెలకి, పాదం వాలకుండా పట్టీ కట్టుకుని, చేతికర్ర పట్టుకుని మాస్టారు షాపులోకి వచ్చాడు. ఇప్పుడు సరిగ్గా ఐదడుగులు. ఆ పెరిగిన అంగుళం ఎవరి కంటా పడలేదు. ఎదురుషాపు ఆయన మాత్రం పలకరించాడు. "ఏం జానెడు మాస్టారూ, కాలికేమైంది?"

ఏదో చెప్పి లోపలికి వచ్చి కూర్చున్నాడు. చెక్కపెట్టె ఎక్కి గుడ్డ పరిచి, తనకే ఒక ప్యాంటు కత్తిరించుకున్నాడు. మెషీను దగ్గరకి వచ్చి, పట్టీ విప్పి, కుడి పాదం పెడల్ మీద పెట్టాడు. మోటారు పెట్టిద్దామని అక్క అంటూనే ఉంది. ముందు చూసుకోవాలి అన్నాడు. నొక్కాడు. చక్రం సగం తిరిగింది. పాదం లేవలేదు. చక్రం వెనక్కి దొర్లింది, దారం తెగింది. సూదిలో మళ్లీ దారం ఎక్కించాడు. మళ్లీ తెగింది. మూడోసారి ఎక్కించబోతే సూది కన్ను దొరకలేదు.

అక్క కాజా పని పక్కన పెట్టి లేచింది. తన స్టూలు లాక్కుని పక్కన కూర్చుని, దారం ఎక్కించి, పెడల్ మడమ వైపున తన పాదం పెట్టింది.

"నువ్వు నొక్కు. వెనక్కి తెచ్చేది నేను చూసుకుంటాను."

మొదట్లో ఇద్దరికీ పొంతన కుదరలేదు. తిట్టుకున్నారు. కాసేపటికి చక్రం దారిలో పడింది. రెండు పక్క కుట్లూ పూర్తయ్యి, పాదాల దగ్గర మడత పెడుతుంటే అక్క చూసింది.

"ఎంత వదిలావు?"

"కుట్టుకి సరిపడా."

రెండో కాలు మడత సగంలో ఉండగా, అలవాటు కొద్దీ ఆవిడ నోటి నుంచి మాట వచ్చేసింది.

"వేలెత్తు."

మాస్టారు కిందకి చూశాడు. నుదుటి మీద నరాలు ఉబ్బాయి. కుడి బొటనవేలు బియ్యపు గింజ మందాన లేచింది. వణికింది, పడిపోయింది. మళ్లీ లేచింది.

అక్క వంగి, ఆ వేలి చుట్టూ చూపుడువేలితో తడిమి చూసింది. దారం లేదు.

"సరే, తొక్కు," అంది.