గ్యాసు కొట్టు గడప మీద మావయ్య

ఊరి చివర లైంగ్‌థార్యార్‌ పేటలో ఆక్సిజన్ నింపేచోట లైనులో ఉండగా మా తమ్ముడు వచ్చాడు. గద్దెనెక్కిన సైన్యం ఇంటర్నెట్ ఆపేసింది, ఫోన్లు కలవవు, ఏ కబురైనా మనిషే మోసుకురావాలి. "లైనొగ్గీ అన్నా. మావయ్య ఎల్లిపోనాడు" అన్నాడు. ఖాళీ సిలిండరు పట్టుకుని ఇద్దరం అక్కడే ఏడ్చాం. ఎవరూ తిరిగి చూడలేదు. వాళ్ళ ఇళ్ళలోనూ ఊపిరందని మనిషి ఒకరున్నారు మరి.

మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు, మేముండే చిమిండైంగ్‌ పేటలో ప్లీడరు. పెద్ద ప్లీడరేమీ కాదు, నోరు మాత్రం పెద్దది. వంటగ్యాసు అమ్మకం సర్కారు ప్రైవేటువాళ్ళకు వదిలేశాక సందుకో కొట్టు వెలిసింది. కారే వాల్వులు, తుప్పు సిలిండర్లు, అడిగితే కసుర్లు. కొనేవాళ్ళను కాపాడే చట్టం ఒకటుందని మా వీధికి చెప్పింది మావయ్యే. "అమ్మబోతే అడివి, కొనబోతే కొరివి అన్నారు. ఈ గేసు నిజంగానే కొరివిరా" అనేవాడు.

ఆయన ముందే ఫిర్యాదుకు దిగేవాడు కాదు. కొట్టువాణ్ణి కొన్నవాళ్ళ వంటింట్లోకే లాక్కొచ్చి, వాల్వు మీద సబ్బు నురగ వేసి బుడగలు చూపించేవాడు. "ఈ పొయ్యి ముందర నీ పెళ్ళాన్ని కూకోబెడతావేటి?" అని అడిగేవాడు. చాలామంది సిగ్గుపడి అక్కడే మార్చి ఇచ్చేవారు. మొండికేసినవాణ్ణి వినియోగదారుల ఆఫీసుకు ఈడ్చేవాడు. "ఊరందరి పొయ్యిలూ సూస్తాడు, మనింట కూడు సల్లారిపోతాది" అని అత్త సణిగేది. అదీ నిజమే, మావయ్య వేడన్నం తినగా నేను చూడలేదు.

సైన్యం తిరుగుబాటు చేసి అధికారం పట్టుకున్న రోజుల్లో ఆ ఆఫీసు మూతపడింది. అప్పుడే మా కింది అంతస్తులో మొహింగా, అదే చేపల పులుసులో సేమ్యా, వండి అమ్ముకుని బతికే ముసలామె సిలిండరు కారడం మొదలెట్టింది. వెలిగిస్తే ప్రాణభయం, మానేస్తే పస్తు. మావయ్య ఆ సిలిండరును సైకిల్ రిక్షాలో వేయించుకుని, దాన్ని అమ్మిన కొట్టుకు బయల్దేరాడు, నేనూ వెంట వెళ్ళాను. కొట్టాయన గంజాం వైపునుంచి వచ్చిన తెలుగువాడే, మనవాడే.

"ఆపీసే నేదు కదా బావా, ఎవలికి సెప్పుకుంతావు?" అని నవ్వాడు.

"ఆపీసుకి తాళమేసినారు. నా నోటికి ఎయ్యనేదు కదేటి!" అంటూ మావయ్య గడప మీద చతికిలబడ్డాడు. వచ్చిన ప్రతివాడికీ "నురగేసి సూసుకుని కొనుక్కోండి" అని చెప్పడం మొదలెట్టాడు. వీధిలో సైనికుల లారీలు తిరుగుతున్నాయి. "లే మావయ్యా, కాల్చేస్తారు" అని బతిమాలాను.

"ఆ ముసిల్ది రేపు పొయ్యెలాగ ఎలిగిస్తాదిరా?" అన్నాడు, కదల్లేదు.

చివరికి కొట్టాయన తిట్టుకుంటూనే మంచి సిలిండరు తెచ్చి రిక్షాలో పెట్టాడు.

ఆ తర్వాత ఊరంతా కరోనా జబ్బు వచ్చింది, మావయ్యకూ సోకింది. ఊపిరిని కూడా కొనుక్కోవలసి వచ్చింది. అమ్మేవాడు చెప్పిందే ధర, ఇచ్చిందే సరుకు. మావయ్యలాంటివాడు ప్రతి లైనులోనూ ఒకడుంటే బాగుండుననిపించేది. ఆ మావయ్యకే నేను ఊపిరి తేలేకపోయాను. ఈ బాధ నన్ను వదలదు.

దహనానికి నలుగురినే రానిచ్చారు. మర్నాడు పొద్దున అత్త గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని కూర్చుంది. అప్పటికీ ఆమె కంట చుక్క నీరు రాలేదు. ఇంతలో మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఊరి ఆ చివర బోటాటౌంగ్ పేట నుంచి నడిచొచ్చిన మనిషెవరో, భుజాన కారుతున్న గ్యాసు సిలిండరుతో, రొప్పుతూ పైకొచ్చాడు. ఇంట్లో జరిగింది అతనికి తెలియదు. "ప్లీడరు గారున్నారా?" అన్నాడు.

అత్త అలవాటుగా లోపలికి తిరిగి, "ఏటండీ, మీకోసరం ఎవలో వొచ్చారు" అని కేకేసింది.

అత్త కొంగుతో నోరు మూసుకుంది. ఆ మనిషి భుజం మీది బరువు దించాలో వద్దో తెలియక, గుమ్మంలోనే నిలబడిపోయాడు.